"దీన్ని కుటుంబం అనకు" అన్న నాన్నగారికి ఏం చెప్పాలి?

అడిగిన తమ్ముడిది గుంటూరు దగ్గర పల్లె, హైదరాబాద్‌లో ఉద్యోగం, వయసు 31. ఆరేళ్లుగా తన పార్ట్‌నర్ అయిన ఇంకో అబ్బాయితో ఒకే ఇంట్లో ఉంటున్నాడు. ఈ మధ్యే ఇంట్లో చెప్పాడు. వాళ్ల నాన్నగారు అరవలేదు, గెంటేయలేదు. "మీ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం అంటే కాదనను. కానీ దీన్ని కుటుంబం అనకు. ఇది మన దేశపు పద్ధతి కాదు. రేపు నాకు తలకొరివి నువ్వు పెడతావు, నీకెవరు పెడతారు?" అన్నారట. ఆయనకు ఏం చెప్పాలి, అసలు మాది కుటుంబమేనా అన్నది ప్రశ్న.

తమ్ముడూ అని వరస కలిపేశాను, ఏమీ అనుకోకు. నాకు 53 ఏళ్లు. హైదరాబాద్‌లోనే వకీలుగా ప్రాక్టీసు. నేనూ గేనే. మేమిద్దరం కలిసి ఉండబట్టి 19 ఏళ్లయింది. మన కమ్యూనిటీ వాళ్ల ఆస్తి తగాదాలు, ఆసుపత్రి గొడవలు, ఇంట్లో బంధించిన ఆడపిల్లల కేసులు చూస్తూ చాలా ఏళ్లు గడిచాయి. అందుకని ముందే చెప్పేస్తాను: మీది కుటుంబమే. అయితే మీ నాన్నగారు అడిగింది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. ఆయన భయం నిజమైనది. దానికి నినాదాలతో జవాబు రాదు.

మన తెలుగువాళ్ల సంగతి చూడు. రైల్లో ఎదురు సీట్లో కూర్చున్నాయన రెండు స్టేషన్లు దాటేలోపు బాబాయి అయిపోతాడు. పక్కింటావిడ పిన్ని. ఊళ్లో కులం వేరైనా, మతం వేరైనా "మామా", "అత్తా" అనే పిలుపులు తరాలుగా నడుస్తాయి. అలా వరస కలిసిందంటే అది ఉత్త పిలుపు కాదు, శుభానికి పిలవాలి, చావుకి వెళ్లాలి, కష్టానికి నిలబడాలి. రక్తం లేని చోట బంధుత్వం కట్టుకోవడం మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఇంత ధారాళంగా వరసలు కలిపే మన భాష నీ పార్ట్‌నర్ దగ్గరికి వచ్చేసరికి "ఫ్రెండ్" అని ఆగిపోతుంది. ఫ్రెండుకి వరస లేదు. అతను మీ అమ్మగారికి ఏమీ కాడు, మీ చెల్లెలికి ఏమీ కాడు. మా పార్ట్‌నర్ వాళ్లమ్మగారు నన్ను తొమ్మిదేళ్లు "ఆ అబ్బాయి" అన్నారు. ప్రేమ లేక కాదు, భోజనానికి కూర్చుంటే నాకిష్టమైన గోంగూర పచ్చడి నా పక్కనే ఉండేది. ఏమని పిలవాలో ఆవిడకు తెలియలేదు.

పిలుపు లేకపోతే ఏమవుతుందో 2014 ఎండాకాలంలో నాకు తెలిసొచ్చింది. రాత్రి ఒంటిగంటన్నరకి మావాడికి కడుపునొప్పి, చూస్తే అపెండిక్స్ పగిలింది. ఆసుపత్రి కౌంటర్ దగ్గర దారంతో కట్టిన పెన్ను, అడ్మిషన్ ఫారం. పేరు, వయసు, అడ్రసు రాశాను. తర్వాతి గడి "రోగితో సంబంధం". అక్కడ పెన్ను ఆగింది. "అన్న" అని రాశాను. గుమాస్తా ఇంటిపేర్లు చూశాడు. "కజినా సార్?" అన్నాడు. "పిన్ని కొడుకు" అన్నాను. అబద్ధమాడటానికి కూడా వరసే కావలసి వచ్చింది. తీరా ఆపరేషన్ సంతకం దగ్గర "సొంతవాళ్లు రావాలి" అన్నారు. మూడేళ్లుగా అతనితో మాటల్లేని తమ్ముడు ఒంగోలు నుంచి రాత్రికి రాత్రి కారేసుకుని వచ్చాడు, తెల్లవారాక సంతకం పెట్టాడు. అప్పటిదాకా మావాడు స్ట్రెచర్ మీద మెలికలు తిరుగుతూనే ఉన్నాడు. స్పృహలో ఉన్నాడు, పెన్ను పట్టుకోగలడు. తెలివిలో ఉన్న మేజర్ రోగి సమ్మతే అసలు సమ్మతి, తల్లి సంతకం కూడా దానికి బదులు కాదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. నేను వకీలుని, ఆ తీర్పు చదివినవాణ్ణి. ఆ రాత్రి ఒక్క ముక్క నోటికి రాలేదు. "నువ్వెవరు" అన్న ప్రశ్న ముందు నాకు తెలిసిన చట్టమంతా ఆవిరైపోయింది. అందుకే ఇప్పుడు ప్రతి జంటకీ ఈ విషయం పదేపదే చెబుతుంటాను.

ఇక "మన దేశపు పద్ధతి" సంగతి. మీ నాన్నగారు ఒక్కరే అనే మాట కాదిది. స్వలింగ వివాహాల కేసులో 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో వేసిన అఫిడవిట్ సారాంశం కూడా ఇంతే: భర్త, భార్య, పిల్లలు అన్నది భారతీయ కుటుంబ భావన, వీళ్ల సహజీవనం దానితో పోల్చదగింది కాదు అని. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మమ్మ. ఆవిడ పెళ్లాడింది సొంత మేనమామని. గుంటూరు జిల్లాలో ఇది వింతా? మీ ఇంట్లోనే రెండు తరాల వెనక్కి వెళితే ఒక మేనరికం తగలకపోతే ఆశ్చర్యం. ఇదే సంగతి ఉత్తరాదిలో చాలామందికి చెబితే చెవులు మూసుకుంటారు, వాళ్లకది అన్నాచెల్లెళ్ల పెళ్లితో సమానం. 1955 హిందూ వివాహ చట్టం కూడా అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య, మేనమామ మేనకోడళ్ల మధ్య పెళ్లిని నిషిద్ధ బంధుత్వాల్లోనే పెట్టింది. పెట్టి, "ఆచారం అనుమతిస్తే తప్ప" అని వెసులుబాటు ఇచ్చింది. అంటే దేశానికంతటికీ ఒకే కుటుంబ పద్ధతి లేదని ఆ చట్టం రాసినవాళ్లకే తెలుసు. మనలాంటి వాళ్ల కోసమే ఆ చోటు వదిలారు. ఇల్లరికం, దత్తత, మేనరికం అన్నీ ఇముడ్చుకున్న దేశంలో నీ ఇల్లొక్కటే పరాయిదెలా అయిందో నెమ్మదిగా అడుగు. వాదనలా కాకుండా, అమ్మమ్మ కథలా మొదలుపెట్టు.

పరాయిది అన్న మాటకు ఇంకో జవాబు ఉంది, అది హైదరాబాద్‌లోనే ఉంది. ఇక్కడి హిజ్రాల్లో లష్కర్‌వాలా, షహర్‌వాలా అని రెండు ఇళ్లు ఉన్నాయి. ఇళ్లు అంటే వంశాల లాంటివి. లష్కర్ అంటే సికింద్రాబాద్, షహర్ అంటే నగరం. అందులో చేరిన మనిషికి గురువు ఉంటుంది, గురువుకి గురువు నాని, తోటి చేలాలు, అంటే శిష్యులు, గురుభాయిలు, కొందరికి పాలబంధంతో కలుపుకున్న కూతుళ్లు ఉంటారు, వాళ్లని దూద్ బేటీ అంటారు. వరసలన్నీ మన వావివరసల్లాగే పక్కాగా ఉంటాయి. తప్పు చేస్తే పెద్దలు కూర్చుని దండ్, అంటే జరిమానా, వేస్తారు. ఇది విదేశాల నుంచి దిగిన కుటుంబం కాదు.

దాన్ని చెడగొట్టిందే విదేశీ పాలన. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన శిక్షాస్మృతిలోది, ఇది అందరికీ తెలుసు. అంతకన్నా తక్కువమందికి తెలిసింది 1871 నేరస్థ తెగల చట్టం. అందులో ఒక భాగం హిజ్రాలను రిజిస్టర్ చేయడానికే. ఆ రిజిస్టర్‌లోకి ఎక్కినవాళ్లు మైనర్‌కి సంరక్షకులు కాకూడదు, ఆస్తి దానం ఇవ్వకూడదు, విల్లు రాయకూడదు, కొడుకుని దత్తత తీసుకోకూడదు. ఈ నాలుగూ వరసగా చదువు తమ్ముడూ. ఒక మనిషి ఇంకో మనిషికి బంధువయ్యే దారులు నాలుగూ మూసేశారు. ఉత్తర భారతంలో ఆ చట్టం నడిచింది. మన దగ్గర నిజాం ప్రభుత్వం 1919లో, వాళ్ల క్యాలెండర్ లెక్కలో ఫస్లీ 1329లో, అలాంటిదే ఒకటి చేసింది. రిజిస్టర్‌లో ఉన్న హిజ్రా ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. అది నూరేళ్ల పైన పుస్తకాల్లోనే ఉండిపోయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టేసింది. అంటే తీర్పు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఇప్పుడు మనం "అనాదిగా మన పద్ధతి" అనుకునే దాంట్లో కొంత ఆ రిజిస్టర్లు నేర్పిన సిగ్గే అని నా నమ్మకం.

ఆ ఇళ్లను నేను ఆకాశానికెత్తడం లేదు. గురువు మాట దాటి బయటికి రావాలంటే డబ్బు కట్టాలి, సంపాదనలో వాటా ఇవ్వాలి, దెబ్బలు తిన్న పిల్లలు కూడా నా దగ్గరికి వచ్చారు. రక్త సంబంధం కానంత మాత్రాన కుటుంబంలో పెత్తనం పోదు. అయినా ఒక చావు ఇంటి సంగతి చెప్పాలి. సికింద్రాబాద్ వైపు ఒక గురువు పోయింది. రెండు గదుల ఇల్లు, రేకుల వసారా. చివరి ఏడాది పక్షవాతంతో మంచంలో ఉంటే పెద్ద చేలానే స్నానం చేయించింది, ఒళ్లు తుడిచింది, గంజి తాగించింది. పోయాక గాజులు తీసేసి తెల్లచీర కట్టుకుంది, గురువు పోతే చేలా అలా ఉంటుంది. పదకొండో రోజున సొంత ఊరి నుంచి తమ్ముడొచ్చాడు. ముప్పై ఏళ్లుగా మొహం చూడనివాడు, చేతిలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. ఇంటి కాగితాలు ఇమ్మన్నాడు. విల్లు లేదు. ఆ చేలా నా ఆఫీసులో కూర్చుని, "నేను ఆమెకి కూతుర్ని, కోడల్ని, అన్నీ నేనే సార్. కాగితంలో నేను ఎవర్నీ కాదంట" అంది. గురు-చేలా ఆచారం ప్రకారమే వారసత్వం నడుస్తుందని హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2016లో ఒక కేసులో చెప్పింది, దాన్ని పట్టుకుని వాదించాం. చివరికి రాజీ అయింది, సగం సొమ్ము తమ్ముడికి పోయింది. ఒక్క కాగితం ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు.

కొత్త చట్టాలు ఈ కుటుంబాన్ని చూశాయా అంటే, చూసీ చూడనట్టు వదిలేశాయి. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కుటుంబాన్ని రక్తం, వివాహం, చట్టబద్ధమైన దత్తత, ఈ మూడింటితోనే నిర్వచించింది. కన్నవాళ్లు చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలంది. మధ్యలో గురువు ఇల్లు అనేదే లేదు. ఇంట్లో తన్నులు తిని పారిపోయి వచ్చిన పిల్లని అక్కున చేర్చుకున్న మనిషి చట్టం దృష్టిలో ఎవరూ కాదు. నాకు ఈ దేశం మీద ఉన్న బాధల్లో ఇది పెద్దది.

కోర్టుల్లో మాత్రం మాట కొంచెం కొంచెం మారుతోంది. కుటుంబమంటే పెళ్లి, పిల్లలు ఒక్కటే కాదు, పెళ్లికాని సహజీవనాలూ, స్వలింగ జంటల్లాంటి క్వీర్ బంధాలూ ఉంటాయని సుప్రీంకోర్టు 2022లో ఒక నర్సు ప్రసూతి సెలవు కేసులో రాసింది. పెళ్లి కేసు వేసిన మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాద్ వాళ్లే. 2023 అక్టోబర్ 17న ఐదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు, రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. కానీ అక్కడితో తలుపు మూసుకోలేదు. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి ఇంట్లో ఉంచేసిన ఒక యువతిని విజయవాడలోని ఆమె సహచరితో ఉండనిచ్చింది. మేజరు అయిన మనిషి ఎవరితో ఉండాలో తనే నిర్ణయించుకుంటుందంది. 2025 మేలో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు వేసి, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదు, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమే అంది. మీ నాన్నగారి మాటకు సూటి జవాబు ఆ తీర్పులో ఉంది.

దేశం గురించి ఇంకొక్క మాట. నా దగ్గరికి వచ్చే వాళ్లలో సగంమంది మగపిల్లాడూ ఆడపిల్లే, కులాలు వేరు. ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు అతికిస్తారని భయపడి వచ్చేవాళ్లు. వాళ్ల టెన్షన్‌కీ మన టెన్షన్‌కీ నాకు తేడా కనబడదు. "మన కుటుంబ వ్యవస్థ" అని గట్టిగా అనేచోట చాలాసార్లు కాపాడేది కులాన్నీ పొలాన్నీ. ఇది మీ నాన్నగారి ముందు అనకు, గాయపడతారు. నువ్వు మాత్రం తెలుసుకుని ఉండు.

డల్లాస్‌లో మనవాళ్ల జంట ఒకటుంది. అక్కడ పెళ్లి చేసుకున్నారు, ఒకరికి హెచ్1బీ, ఇంకొకరికి భర్తగా హెచ్4. సంక్రాంతికి శంషాబాద్‌లో దిగగానే ఇద్దరూ రూమ్మేట్లు. ఏ దేశం తమదని కన్నీళ్లు పెట్టుకుని వస్తారో, ఆ దేశంలోనే వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. వాళ్లలో ఒకరు అడిగారు, "అన్నా, అమెరికా మమ్మల్ని భార్యాభర్తల లెక్కన చూస్తుంటే ఇండియా మీద ప్రేమ తగ్గాలి కదా, ఎందుకు తగ్గట్లేదు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఇదంతా తెల్లవాళ్ల వ్యవహారం అనేవాళ్లకి మాత్రం మూడు పేర్లు చెబుతాను: తైవాన్ 2019లో, మన పొరుగున నేపాల్ 2023 నవంబర్‌లో, థాయ్‌లాండ్ 2025 జనవరిలో ఇలాంటి పెళ్లిళ్లు రిజిస్టర్ చేయడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు తలకొరివి. మీ నాన్నగారు అడిగింది ఆచారం గురించి అనిపిస్తుంది కానీ, ఆయన అడిగేది "ముసలితనంలో నా బిడ్డ ఒంటరైపోతాడా" అని. 2019లో మావాడి నాన్నగారు పోయారు. నేను అరుగు కింద చెప్పుల దగ్గర నిలబడ్డాను, ఎక్కడ నిలబడాలో తెలియక. పాడె లేపే వేళకి నాలుగో మనిషి కోసం చూస్తున్నారు. ఒక పెద్దాయన నన్ను చూపించి "ఈయనేమవుతాడు?" అన్నాడు. వాళ్లమ్మగారు గుమ్మంలోంచే "పెద్దోడు" అన్నారు. అంతే, ఎవరో భుజం మీద తుండు వేశారు. ఆ రోజు నుంచి నాకు ఆ ఇంట్లో అదే పేరు. నువ్వు మీ నాన్నగారితో ఇలా అను: "నీకు నేనే పెడతాను నాన్నా. మోయడానికి నాతోపాటు ఇంకో భుజం కూడా ఉంటుంది. నాకు అతను, అతనికి నేను."

ఈ మాట ఉత్త మాటగా మిగలకుండా కాగితాల పని చేసుకోండి. ముందు విల్లు. నువ్వు పెళ్లికాని హిందువువి. విల్లు లేకుండా పోతే నీ ఆస్తి అమ్మగారికి, ఆవిడ లేకపోతే నాన్నగారికి, ఆ తర్వాత తోబుట్టువులకి వెళ్తుంది, అతనికి చెంచా కూడా రాదు. విల్లు తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మనలాంటి వాళ్లు చేయించుకోవడమే మంచిది, రేపు గొడవ పడేవాళ్లు ఉంటారు. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలు. ఆ కాగితం ఎక్కడుందో మీ చెల్లెలికి చెప్పి ఉంచు.

నామినీగా రాశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. బ్యాంకులో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు. జీవిత బీమాలో నామినీకే సొమ్ము దక్కాలన్న హక్కు 2015 సవరణ నుంచి తల్లిదండ్రులకి, భార్య లేదా భర్తకి, పిల్లలకి మాత్రమే ఉంది. పార్ట్‌నర్ పేరు రాస్తే చెక్కు అతనికే వస్తుంది, వారసులు కోర్టుకెళ్లి అడగొచ్చు. అందుకే బీమా సొమ్ము కూడా అతనికేనని విల్లులో విడిగా రాయాలి. పీఎఫ్‌లో నిబంధన ఇంకా బిగువు, నీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు ఉంటే బయటివాళ్ల నామినేషన్ చెల్లదు. జాయింట్ అకౌంట్‌కి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్రం బ్యాంకులకు స్పష్టం చేసింది, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకూ రాసింది. బ్యాంకువాళ్లు తెలియక కాదంటే ఆ సర్క్యులర్ ప్రింటు తీసుకెళ్లి చూపించు. ఒకరికొకరు పెద్ద మొత్తాలు పంపుకునేటప్పుడు జాగ్రత్త, చట్టంలో మీరు బంధువులు కారు కాబట్టి ఏడాదిలో 50,000 రూపాయలు దాటిన గిఫ్టు మీద పన్ను పడుతుంది.

ఆసుపత్రికి పవర్ ఆఫ్ అటార్నీ చాలనుకుంటారు చాలామంది. రాసిచ్చిన మనిషి మతి తప్పితే అది అక్కడికక్కడే చెల్లకుండా పోతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజున పనికిరాదు. దాని బదులు లివింగ్ విల్ రాసుకోండి, అంటే బాగయ్యే ఆశ లేక తెలివి తప్పిన రోజున వైద్యం ఎంతవరకు చేయాలో, మన తరఫున ఎవరు చెప్పాలో ముందే రాసిపెట్టే కాగితం. 2023 జనవరి నుంచి నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో ఇద్దరు సాక్షులతో చేస్తే సరిపోతుంది. మానసిక వైద్యం విషయంలో 2017 చట్టం ఇంకా ఉదారంగా ఉంది, ఏ మేజర్నైనా నీ ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసివ్వొచ్చు, బంధువే కానక్కర్లేదు.

ఇవన్నీ ఒక ఆదివారం పని. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఇద్దరూ వెళ్లండి. మీ నాన్నగారు అతన్ని ఏమని పిలుస్తారో ఆయనకే వదిలెయ్యి, తొందరపెట్టకు. గుమ్మంలో ఎవరైనా "ఈ అబ్బాయెవరు?" అంటే నువ్వు మాత్రం ఫ్రెండ్ అనకు. "మావాడు" అను.